అంటు ఎవరిది?

తెలుగులో 'అంటు' అన్న చిన్న మాట ఎన్ని పనులు చేస్తుందో చూడండి. మామిడికి అంటు కడితే కొత్త రకం కాయ కాస్తుంది. తిని వదిలేసిన గిన్నెలు అంట్లు. ఒకరి నుంచి ఒకరికి పాకే జబ్బు అంటురోగం. ఊరి చివరికి నెట్టేసిన మనిషి అంటరానివాడు. కలుపుకోవడానికీ, కడుక్కోవడానికీ, భయపడటానికీ, వెలివేయడానికీ మన భాషకి ఒకే మాట సరిపోయింది. మా ఇళ్లల్లో మాట్లాడే ఉర్దూ కూడా ఏం తక్కువ తినలేదు. అంటురోగాన్ని 'ఛూత్ కీ బీమారీ' అంటాం, అంటరానితనాన్ని 'ఛువాఛూత్' అంటాం. రెండు భాషలూ రోగాన్నీ వెలినీ ఒకే తాడుతో కట్టేశాయి.

రోగం అంటుతుంది. ఇది నిజం, దీంతో ఎవరికీ పేచీ లేదు. కానీ మనిషే అంటు అన్నది నిజమా? మొదటి మాట దగ్గర బయల్దేరినవాళ్లం రెండో మాట దగ్గరికి ఎట్లా జారిపోతున్నాం? ఆ జారుడులో ఎవరి నడుములు విరుగుతున్నాయి? ఈ దేశంలో ఈ ప్రశ్నని దళితులు ఎన్నో తరాలుగా అడుగుతున్నారు. 2020లో కొన్ని నెలల పాటు అది మా గడపలోకి కూడా వచ్చి కూర్చుంది. అందుకే ఇప్పుడు మేం కూడా అడుగుతున్నాం.

మేం ఖానాపూర్ వాళ్లం. ఒకవైపు గోదావరి, ఇంకోవైపు కడెం అడవి. 2016 దాకా ఆదిలాబాద్ జిల్లా, ఆ తర్వాత నిర్మల్ జిల్లా. సదర్మాట్ ఆనకట్ట నీళ్లతో వరి పండించే ఊళ్లు, అవి దాటితే గోండు గూడేలు, నాయకపోడు గూడేలు, లంబాడా తండాలు. వాటి మధ్యన పంక్చర్లు వేసేవాళ్లు, మటన్ కొట్టేవాళ్లు, బండి మీద పండ్లు అమ్మేవాళ్లు, బీడీలు చుట్టే ఆడవాళ్లు - వాళ్లమే మేం. వానలు పడ్డాయంటే అందరికీ జ్వరాలే. మా పెద్దవాళ్లు మలేరియాని సలిజరం అన్నారు, కలరాని గత్తర అన్నారు. గత్తరొచ్చి ఊళ్లు ఖాళీ అయిన కథ గోండు అవ్వ ఎట్లా చెప్తుందో మా దాదీమా కూడా అట్లాగే చెప్తుంది. పోచమ్మకి బోనం ఎత్తిన చేతులే పీర్ల ముందు ఊదు వేసేవి. రోగానికి మందు తెలియని రోజుల్లో కూడా రోగానికి మతం ఉందని ఎవరూ అనుకోలేదు. మందు తెలిసిన రోజుల్లో ఆ మాట వినాల్సి వచ్చింది.

మందు ఎట్లా తెలిసిందో కొంచెం గుర్తు చేసుకుందాం. మలేరియా అన్న మాటకి అర్థం 'చెడు గాలి'. బురద నేలల మీంచి లేచే గాలే జ్వరం తెస్తుందని లోకమంతా నమ్మింది. 1880లో అల్జీరియాలో పనిచేస్తున్న లావెరాన్ అనే ఫ్రెంచి డాక్టరు రోగి రక్తంలో పరాన్నజీవిని చూశాడు. అది ఒక మనిషి నుంచి ఇంకో మనిషికి ఎట్లా పోతుందో మాత్రం తెలియలేదు. ఆ ముడి విప్పడానికి దారి దొరికింది మన సికింద్రాబాద్‌లోనే. 1897 ఆగస్టు 20న బేగంపేటలో రొనాల్డ్ రాస్ అనే సైనిక డాక్టరు ఒక దోమ కడుపు కోసి చూస్తే అందులో మలేరియా క్రిమి పెరుగుతూ కనిపించింది. ఆ దోమ తాగిన రక్తం హుసేన్ ఖాన్ అనే రోగిది. కుట్టిన ఒక్కో దోమకి ఒక్కో అణా లెక్కన ఇచ్చి రాస్ అతనితో దోమల్ని కుట్టించుకున్నాడు. మరుసటి ఏడు కలకత్తాలో పక్షుల మలేరియా మీద పని పూర్తిచేసినప్పుడు ఆయన పక్కన ఉన్న సహాయకుడు మొహమ్మద్ బక్ష్. 1902లో రాస్‌కి నోబెల్ బహుమతి వచ్చింది. బేగంపేటలో ఆ భవనం ఇప్పటికీ ఆయన పేరుతోనే ఉంది. హుసేన్ ఖాన్ ఏ ఊరివాడో, ఆ తర్వాత ఏమయ్యాడో చరిత్ర పట్టించుకోలేదు. ఆయనకి దక్కింది అణాలే.

హుసేన్ ఖాన్ మావాడు కాబట్టి ఆ ఘనత మాదే అని చెప్పడానికి ఇది రాయడం లేదు. మేం చెప్పేది ఇంకొకటి. ఆ గాజు పలక మీద పెట్టిన రక్తపు చుక్కకి పేరు లేదు. ఇవాళ ఏ సర్కారు దవాఖానలోనైనా జ్వరంతో వచ్చిన గోండు పిల్లాడి చుక్కనీ, పటేల్ గారి చుక్కనీ, మా పిల్లాడి చుక్కనీ ఒకే రంగు వేసి, ఒకే కటకం కింద చూస్తారు. క్రిమి ఉందా లేదా అన్నదే ప్రశ్న. శాస్త్రం మనిషికి ఇచ్చిన పెద్ద గౌరవం ఇదే అనిపిస్తుంది మాకు. అది అనుమానించేది క్రిమిని, మనిషిని కాదు.

ఇప్పుడు శరీరం సంగతి. ఎందుకంటే మమ్మల్ని దూరం పెట్టాలనుకునేవాళ్లు ఎప్పుడూ శరీరాన్నే సాక్ష్యానికి పిలుస్తారు. దేశం ఒక శరీరం, బయటివాడు ఒక క్రిమి, తరిమేయడమే ఆరోగ్యం అంటారు. సరే, ఆ సాక్షినే అడుగుదాం.

ఆడ అనాఫిలిస్ దోమ కుట్టినప్పుడు దాని ఎంగిలితో పాటు క్రిమి ఒంట్లోకి వస్తుంది. ముందు కాలేయంలో దాక్కుని వేలల్లో పెరుగుతుంది. తర్వాత ఎర్ర రక్తకణాల్లో చేరి వాటిని పగలగొట్టుకుని బయటికొస్తుంది. అప్పుడే చలి, వణుకు, మంట. శరీరం ఊరుకోదు. చర్మం మొదటి గోడ. ముక్కులో జిగురు, కడుపులో ఆమ్లం తర్వాతి కాపలా. జ్వరం కూడా శరీరం చేసే పోరాటమే. తెల్లకణాల్లో కొన్ని కొత్తగా కనిపించిన దేన్నైనా మింగేస్తాయి. ఇంకొన్ని ఒక్కో శత్రువుకీ సరిపోయే ప్రతిరక్షకాలు తయారుచేస్తాయి. ఆ పోరాటాన్ని గుర్తుపెట్టుకునే కణాలు కొన్ని మిగిలిపోతాయి. టీకా అంటే ఈ జ్ఞాపకాన్నే ముందుగా నేర్పించడం.

అడవి మనుషుల ఒళ్లు ఇంకో పాఠం చెప్తుంది. ఆదిలాబాద్ గోండుల్లో, కొలాముల్లో సికిల్ సెల్ అనే వంశపారంపర్య లక్షణం ఉంది. తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్కరి దగ్గర్నుంచే ఆ జన్యువు వస్తే ప్రాణాంతక మలేరియా నుంచి చాలావరకు కాపాడుతుంది. 1954లో ఆలిసన్ అనే శాస్త్రవేత్త ఆఫ్రికాలో దీన్ని చూపించాడు. అదే జన్యువు ఇద్దరి నుంచీ వస్తే ఎర్రకణాలు కొడవలిలా వంగి, నొప్పులతో, రక్తం తక్కువై బతుకంతా నరకమవుతుంది. కాపాడే ఆయుధమే ఎక్కువైతే సొంత బిడ్డని కోస్తుంది. కాపుదలకి ఖరీదు ఉంటుందని ఆ గూడేల తల్లులకి ఎవరూ చెప్పక్కర్లేదు.

అంతకన్నా పెద్ద సంగతి, శరీరానికి శత్రువుని కొట్టడం ఎంత ముఖ్యమో, కొట్టకుండా ఆగడం అంతే ముఖ్యం. రొమ్ము ఎముక వెనక థైమస్ అనే చిన్న గ్రంథి ఉంది. కాపలా కణాలు అక్కడ పరీక్షకి నిలబడతాయి. సొంత శరీరాన్నే శత్రువనుకునే కణాల్ని చాలావరకు అక్కడే చంపేస్తారు. తప్పించుకుని వచ్చినవాటిని అదుపులో పెట్టడానికి వేరే కణాలున్నాయి. వాటిని కనిపెట్టినందుకే 2025లో వైద్య నోబెల్ ముగ్గురికి ఇచ్చారు. ఈ అదుపు తప్పితే కీళ్లవాతం, చిన్నపిల్లల్లో వచ్చే షుగరు లాంటి జబ్బులు వస్తాయి. 2020లో కరోనాతో చనిపోయినవాళ్లలో చాలామందిని చంపింది వైరస్ ఒక్కటే కాదు, అదుపు తప్పిన వాళ్ల సొంత రక్షణ వ్యవస్థ కూడా. ఆ మంటని తగ్గించే డెక్సామెథాసోన్ అనే చవకైన స్టెరాయిడ్ ఊపిరందని రోగుల్లో చావుల్ని తగ్గిస్తుందని ఆ ఏడు జూన్‌లో బ్రిటన్‌లో తేలింది.

ఇక స్వచ్ఛత సంగతి. తల్లి కడుపులో బిడ్డ సగం పరాయిది, తండ్రి పోలిక సగం. అయినా తల్లి ఒళ్లు తొమ్మిది నెలలు దాన్ని మోస్తుంది. మన ఒంట్లో మన కణాలు ఎన్నున్నాయో దాదాపు అన్ని బాక్టీరియాలు కూడా కాపురముంటున్నాయి. మన జన్యు పదార్థంలో నూటికి 8 వంతులు ఎప్పుడో మన పూర్వీకుల్లో చేరిన వైరస్‌ల అవశేషం. మాయ ఏర్పడటానికి కావలసిన ఒక జన్యువు అట్లాంటి పాత వైరస్ ఇచ్చిందే. అంటే ప్రతి మనిషీ పుట్టుకలోనే అంటుమొక్క. మడి కట్టుకున్న దేహం లోకంలో ఒక్కటీ లేదు. ఇంత కలగలుపుతో నడిచే శరీరాన్ని స్వచ్ఛతకి సాక్షిగా పిలిచినవాళ్లు, పాపం, సాక్షిని ముందే అడిగి తెలుసుకోలేదు.

2020 దగ్గరికి వద్దాం. తెలంగాణలో మొదటి కరోనా కేసు మార్చి 2న బయటపడింది. దుబాయి వెళ్లొచ్చిన ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి వచ్చింది. ఆయన మతం ఏమిటని ఎవరూ అడగలేదు, అడగకపోవడమే మర్యాద. మార్చి మధ్యలో కరీంనగర్ వచ్చిన ఇండోనేషియా మతప్రచారకులకి కరోనా ఉందని తేలింది. ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్‌లో ఆ నెలలోనే జరిగిన సమావేశాలకి వెళ్లొచ్చినవాళ్లలో ఆరుగురు చనిపోయారని మార్చి 30న తెలంగాణ ప్రభుత్వం ప్రకటించింది. ఆ రాత్రి నుంచి జబ్బుకి గడ్డం మొలిచింది, టోపీ వచ్చింది. టీవీల్లో, సెల్‌ఫోన్లలో 'కరోనా జిహాద్' అన్న మాట తిరిగింది. దేశంలో చాలాచోట్ల పండ్లు, కూరగాయలు అమ్ముకునే ముస్లింల బండ్లని వీధుల్లోకి రానివ్వలేదు. మా వైపు కూడా పండ్ల ధర అడిగేముందు పేరడిగినవాళ్లు ఉన్నారు. నిన్నటిదాకా 'భాయ్, రెండు కిలోలు తూచు' అన్న నోళ్లే అవి.

లెక్కలు కూడా మాటల్లాగే మాట్లాడతాయి. ఏప్రిల్ 18న కేంద్ర ఆరోగ్య శాఖ దేశంలోని 14,378 కేసుల్లో 4,291 తబ్లిగీ సమావేశంతో ముడిపడినవని చెప్పింది. అంకె తప్పని మేం అనడం లేదు. ఎట్లా పుట్టిందో చూడమంటున్నాం. అప్పటికి దేశంలో పరీక్షలు చాలా తక్కువ. ఎవరు మర్కజ్‌కి వెళ్లారో, ఎవరితో తిరిగారో వెతికి వెతికి పరీక్షించారు. అది అవసరమైన పనే. కానీ ఒక వీధిలో ఇంటింటికీ దీపం పెట్టి వెతికి, పక్క వీధిని చీకట్లో వదిలేసి, దొంగలంతా ఈ వీధివాళ్లేనని చెప్తే దాన్ని లెక్క అనొచ్చా? మిగతా ఏ పెళ్లికీ, ఏ జాతరకీ, ఏ విమానానికీ రోజువారీ ప్రకటనలో విడిగా వరుస పెట్టలేదే! కేసుల్ని మతాలవారీగా ముద్ర వేయొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర విభాగం అధిపతి మైక్ ర్యాన్ ఏప్రిల్ మొదట్లోనే చెప్పాడు. 2020 ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి విదేశీ తబ్లిగీల మీద పెట్టిన కేసుల్ని కొట్టేస్తూ, వాళ్లని బలిపశువుల్ని చేశారని రాసింది. విదేశీయులకి ఆశ్రయమిచ్చారన్న కేసుల్లో ఇరుక్కున్న 70 మంది భారతీయుల మీది అభియోగాల్ని ఢిల్లీ హైకోర్టు 2025 జూలైలో కొట్టేసింది. జబ్బు రెండు వారాల్లో తగ్గింది. నిందకి ఐదేళ్లు పట్టింది. అది కూడా కోర్టు కాగితం మీద.

ఈ నింద మాకొక్కరికే ఎదురైందని అనుకుంటే మేం కూడా చూపు తక్కువైనవాళ్లమే. 1865లో మక్కాలో కలరా వచ్చి యూరప్ దాకా పాకినప్పుడు, మరుసటి ఏడు ఇస్తాంబుల్‌లో దేశాల ప్రతినిధులంతా కూర్చున్నారు. వాళ్ల కళ్లకి హాజీ ఎంత ప్రమాదమో, గంగకీ పూరీకీ పోయే హిందూ యాత్రికుడూ అంతే ప్రమాదం. 1994లో సూరత్‌లో ప్లేగు అన్నారు. బతుకుతెరువుకి అక్కడికి వెళ్లిన తెలంగాణ నేతకార్మికులు కూడా భయంతో ఊళ్లకి వచ్చారు. అప్పుడు కొన్ని గల్ఫ్ దేశాలు భారతదేశం నుంచి విమానాలు ఆపేశాయి. ఆ ఆపడంలో రాములు, రహీం అన్న తేడా లేదు, హిందుస్తానీ అయితే చాలు, అంటే. ఇప్పటికీ మా కరీంనగర్, ఆదిలాబాద్ పిల్లలు గల్ఫ్‌కి పోవాలంటే ఛాతీ ఫోటో తీయించుకోవాలి. ఎప్పుడో తగ్గిపోయిన టీబీ మచ్చ కనిపించినా 'అన్‌ఫిట్' ముద్ర పడుతుంది. ఆ ముద్ర వేసేది ముస్లిం దేశమే. అంటే వెలి వేయడానికి మతం సాకు మాత్రమే. చేతిలో తలుపు ఉన్నవాడు, గడప బయట ఉన్నవాణ్ని అంటు అంటాడు.

మా వాళ్లతో కూడా కొన్ని మాటలు మాట్లాడుకోవాలి. ఢిల్లీలో 200 మందికి మించి గుమిగూడొద్దని మార్చి 13నే ఆంక్ష వచ్చింది. మర్కజ్ పెద్దలు అప్పుడే ఆపేయాల్సింది. నమ్మినవాణ్ని వైరస్ ముట్టదని చెప్పిన మౌల్వీలు ఉన్నారు. గోవు పేరు చెప్పినవాళ్లు అటు ఉన్నట్టే వీళ్లు ఇటు ఉన్నారు. వాళ్లు ఇస్లాం చరిత్రనే మర్చిపోయారు. అంటురోగం ఉన్న ఊరికి పోవద్దు, ఉన్నచోటి నుంచి పారిపోవద్దు అన్నది ప్రవక్త మాటగా హదీసుల్లో ఉంది. సిరియాలో ప్లేగు ఉందని విని ఖలీఫా ఉమర్ దారిలోంచే వెనక్కి తిరిగాడు. విధి నుంచి పారిపోతున్నావా అని అడిగితే, ఒక విధి నుంచి ఇంకో విధికే పోతున్నానన్నాడట. 14వ శతాబ్దంలో గ్రనడా పండితుడు ఇబ్న్ అల్ ఖతీబ్, జబ్బు మనిషి నుంచి మనిషికి సోకడం కళ్లకి కనిపిస్తుంటే కాదనడం తగదని వాదించాడు. పోలియో చుక్కల మీద పుకార్లు పుట్టినప్పుడు ఉత్తరప్రదేశ్‌లో మసీదు మైకుల్లోంచే పిల్లల్ని తీసుకురమ్మని పిలిచారు. 2014 మార్చిలో మన ప్రాంతానికి పోలియో లేదన్న ధ్రువీకరణ వచ్చింది. అందులో ఆ ఇమాముల వాటా కూడా ఉంది. షరియత్‌లో 'ఫర్జె కిఫాయా' అని ఒకటుంది. ఊరి మీద పడ్డ బాధ్యత అది. చాలినంతమంది చేస్తే అందరి బరువూ దిగుతుంది, ఎవరూ చేయకపోతే పాపం అందరిదీ. టీకా సరిగ్గా అట్లాంటిదే. చాలినంతమంది వేసుకుంటే, వేసుకోలేని పసిగుడ్డు కూడా బతుకుతుంది.

ఇంతదాకా వచ్చాక ఒక ఆశ కలుగుతుంది. శరీరం గురించి ఇంత తెలిసింది కదా, 'మేం రోగక్రిమి కాదు, ఒంటికి మేలు చేసే క్రిమి' అని చెప్పుకుందామా? హుసేన్ ఖాన్ రక్తాన్ని చూపిద్దామా? కోలుకున్న తబ్లిగీలు 2020 ఏప్రిల్‌లో ప్లాస్మా ఇచ్చారని, దిక్కులేని శవాలకి ముస్లిం పిల్లలు చితి పేర్చారని పత్రాలు పట్టుకుని తిరుగుదామా? ప్లాస్మాతో పెద్ద ప్రయోజనం లేదని తర్వాత పరీక్షల్లో తేలింది. అయితే ఇచ్చినవాళ్ల మనిషితనం కూడా రద్దైపోతుందా? ఇక్కడే మేం ఆగుతున్నాం. మంచి క్రిమి అనిపించుకోవడం మా లక్ష్యం కాదు. దేశాన్ని శరీరమన్నప్పుడే మోసం మొదలైంది. శరీరంలో కణానికి హక్కు లేదు, ఓటు లేదు, కోర్టుకి పోదు. పనికి రాకపోతే చచ్చిపోతుంది, అంతే. మనిషి కణం కాదు. పనికొచ్చినా రాకపోయినా బతికే హక్కున్నవాడు. సొంత మనుషుల్నే కొడుతున్న సమాజాన్ని 'తన ఒంటినే తను కొట్టుకుంటోంది' అనడం కూడా వద్దు. అట్లా అంటే అది జబ్బు, ఎవరి తప్పూ కాదు అయిపోతుంది. ఎదురుగా ఉన్నవాణ్ని చూసి పండ్ల బండిని వెనక్కి నెట్టింది ఒక చెయ్యి. ఆ చేతికి మనసుంది, కాబట్టి బాధ్యతా ఉంది.

అయితే జబ్బొచ్చినవాణ్ని దూరం పెట్టొద్దా అని అడుగుతారు. పెట్టాలి. హైదరాబాద్ నల్లకుంట ఫీవర్ ఆసుపత్రిని జనం 'కోరంటి దవాఖాన' అంటారు. క్వారంటైన్ మన నాలుక మీద కోరంటి అయింది. ఆ మాటకి మూలం ఇటలీ వాళ్ల 'నలభై'. ఓడని నలభై రోజులు రేవు బయట ఆపేవాళ్లు. మా ఇళ్లల్లో బాలింతకి చిల్లా కూడా నలభై రోజులే. ఆ నలభై రోజులూ గదిలో ఉంచుతారు, వేడివేడిగా వండి పెడతారు, నలభయ్యో రోజు తలంటి బయటికి తెస్తారు. కోరంటికీ వెలికీ తేడా ఇక్కడ తెలుస్తుంది. కోరంటికి గడువుంటుంది, వెలికి ఉండదు. కోరంటి జబ్బు సోకిన ఎవరికైనా వర్తిస్తుంది, వెలి పుట్టుకని చూసి వర్తిస్తుంది. కోరంటిలో ఉన్నవాడికి గంజి, మందు ఇవ్వడం బయటివాళ్ల బాధ్యత, వెలిలో ఉన్నవాడికి నీళ్లు కూడా బంద్. 2021 ఏప్రిల్‌లో హరిద్వార్ కుంభమేళాలో లక్షలమంది స్నానాలు చేశారు, వైరస్ అక్కడా పాకింది. దాన్ని హిందువుల వైరస్ అని మేం అనలేదు, అనం. అక్కడికి వెళ్లొచ్చినవాళ్లని వెతికి, పరీక్షించి, గదిలో ఉంచి, అన్నం పెట్టి, బాగయ్యాక ఇంటికి పంపాలి. మర్కజ్ నుంచి వచ్చినవాళ్లకీ అంతే. ఒకే కొలత.

మళ్లీ వానలు పడతాయి. కడెం వైపు గూడేల్లో నీళ్లు నిలుస్తాయి. దోమలు లేస్తాయి. ఇంకో కొత్త జబ్బు కూడా ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది, వైద్యులు ఆ సంగతి చెప్తూనే ఉన్నారు. అప్పుడు దవాఖాన చీటీ మీద మా పేరు రాయండి, వయసు రాయండి, ఎన్ని రోజుల నుంచి జ్వరమో రాయండి, ఎవరిని కలిశామో అడగండి, చెప్తాం. రక్తం కావాలంటే చెయ్యి చాపుతాం. ఆ చీటీ మీద మతం కోసం గడి మాత్రం గీయొద్దు. క్రిమిని వెతకడానికి ఆ గడి అక్కర్లేదు.